డేరా వేయడం నుంచి మంట ఆర్పడం దాకా: క్యాంపింగ్ ఇంగ్లీషుకు సమగ్ర మార్గదర్శి

క్యాంపు అనే మాట మనకు కొత్తేం కాదు. మండలాఫీసుకు పని మీద వెళ్తే ‘సారు క్యాంపులో ఉన్నారు, రేపు రండి’ అంటారు. ముఖ్యమంత్రికి క్యాంపు కార్యాలయం ఉంటుంది. ఊళ్ళో కంటి క్యాంపు పెడతారు. జడ్పీ ఛైర్మన్ ఎన్నిక దగ్గరపడిందంటే సభ్యుల్ని ఏదో రిసార్టుకు తరలించి క్యాంపు రాజకీయాలు నడుపుతారు. కర్ణాటకలో తుంగభద్ర కాలువల కింద మన రైతులు వెళ్ళి స్థిరపడిన ఊళ్ళు చాలావాటి పేర్ల చివర కూడా క్యాంపు అనే ఉంటుంది. ఇన్ని క్యాంపుల్లో డేరా కనిపించేది ఎక్కడో ఒకచోట.

అసలు చిక్కు ఇక్కడే. చిన్నప్పటి నుంచి తెలిసిన మాట కదా అని ధీమాగా వాడేస్తాం. అమెరికా వచ్చిన మొదటి వేసవిలో నేనూ అలాగే, శుక్రవారం సెలవు కావాలని చెబుతూ ‘ఐ యామ్ గోయింగ్ టు క్యాంప్’ అన్నాను. పక్క సీటాయన నవ్వు ఆపుకుంటూ ‘ఏ క్యాంపు? ఈతదా, సంగీతందా?’ అని అడిగాడు. అక్కడ ‘గో టు క్యాంప్’ అంటే పిల్లలు వేసవి శిబిరానికి వెళ్ళడం. నలభై ఏళ్ళ మనిషి తను సమ్మర్ క్యాంపులో చేరుతున్నానని సెలవు అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వస్తువుల పేర్లతో పెద్ద ఇబ్బంది లేదు. దుకాణానికి వెళ్తే అట్టపెట్టెల మీదే రాసి ఉంటాయి. ఏ మాట ఏ మాటతో ముడిపడుతుంది, మధ్యలో ‘టు’ రావాలా ‘ఇన్’ రావాలా, ముందు ‘ఎ’ పెట్టాలా వద్దా అన్నవి మాత్రం ఏ పెట్టె మీదా ఉండవు. అందుకే ఇక్కడ పదాల జాబితా ఇవ్వడం లేదు. బయల్దేరిన దగ్గర్నుంచి ఇంటికొచ్చే దాకా ఏ ఘట్టంలో ఏ ముడి వేయాలో వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: బయల్దేరడం

తెలుగులో ‘యోసెమిటీకి క్యాంపింగ్‌కి వెళ్ళాం’ అంటాం. (యోసెమిటీ కాలిఫోర్నియాలోని జాతీయ వనం.) వాక్యంలో రెండు ‘కి’లున్నాయి. ఆ రెండింటినీ ‘టు’గా మార్చేసి ‘వుయ్ వెంట్ టు క్యాంపింగ్ టు యోసెమిటీ’ అనేస్తాం. ఇంగ్లీషులో అక్కడ ఒక్క ‘టు’ కూడా పట్టదు. సరైన వాక్యం ఇది: ‘వుయ్ వెంట్ క్యాంపింగ్ ఇన్ యోసెమిటీ.’

ఇందులో రెండు సూత్రాలున్నాయి. సరదాగా చేసే పనుల ముందు ‘గో’ వస్తే మధ్యలో ఏమీ రాదు: గో క్యాంపింగ్, గో హైకింగ్, గో ఫిషింగ్, గో స్విమ్మింగ్, గో షాపింగ్. ఇక చోటు పేరును ‘వెళ్ళడం’తో కాక, చేసిన పనితో ముడిపెట్టాలి. డేరా వేసింది యోసెమిటీలో కాబట్టి ‘ఇన్ యోసెమిటీ’. చేపలు పట్టింది చెరువులో కాబట్టి ‘గో ఫిషింగ్ ఇన్ ద లేక్’. ‘టు ద లేక్’ అంటే పొరపాటు.

అలాగని ‘టు’ను పూర్తిగా బహిష్కరించాల్సిన పని లేదు. ‘ట్రిప్’ అనే మాట తెస్తే అది వెనక్కి వస్తుంది: ‘వుయ్ వెంట్ ఆన్ ఎ క్యాంపింగ్ ట్రిప్ టు యోసెమిటీ.’ ట్రిప్ అంటే ప్రయాణం, ప్రయాణానికి గమ్యం ఉంటుంది, గమ్యానికి ‘టు’ కావాలి.

మనవాళ్ళ నోట తరచూ వినిపించే ఇంకో రూపం ‘గో ఫర్ క్యాంపింగ్’. ఇండియాలో ఎవరూ పట్టించుకోరు గానీ బయట అది ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ‘గో ఫర్’ తర్వాత ‘ఎ’ తగిలించిన నామవాచకం రావాలి: గో ఫర్ ఎ వాక్, గో ఫర్ ఎ స్విమ్, గో ఫర్ ఎ హైక్. కాబట్టి ‘గో హైకింగ్’ సరే, ‘గో ఫర్ ఎ హైక్’ కూడా సరే. ఈ రెండూ కలగలిపిన ‘గో ఫర్ హైకింగ్’ దగ్గరే తేడా కొడుతుంది.

‘క్యాంప్’ క్రియగా కూడా పనికొస్తుంది. భూతకాలం ‘క్యాంప్డ్’ అని రాస్తారు, పలికేటప్పుడు చివర ‘ట్’ వినిపిస్తుంది, క్యాంప్ట్ అని. ఒక మంచి వాక్యం గుర్తుపెట్టుకోండి. 1903 మే నెలలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్‌తో కలిసి యోసెమిటీలో మూడు రాత్రులు ఆరుబయట గడిపాడు. ఇంగ్లీషులో చెబితే: ‘ఇన్ 1903, రూజ్‌వెల్ట్ క్యాంప్డ్ విత్ జాన్ మ్యూర్ ఇన్ యోసెమిటీ ఫర్ త్రీ నైట్స్.’ ఎవరితో అంటే విత్, ఎక్కడ అంటే ఇన్, ఎన్నాళ్ళు అంటే ఫర్. ఈ మూడు ముళ్ళూ ఒకే వాక్యంలో దొరికాయి. పేర్లు మార్చి మీ ట్రిప్పు గురించి చెప్పుకోండి, చాలు.

ఇంతకుముందు ఎప్పుడైనా వెళ్ళారా అని అడగాలంటే ‘హ్యావ్ యూ ఎవర్ బీన్ క్యాంపింగ్?’ అనాలి. ‘బీన్’ అంటే వెళ్ళొచ్చారని. ‘హీ హ్యాజ్ గాన్ క్యాంపింగ్’ అంటే వెళ్ళాడు, ఇంకా రాలేదు. తెలుగులో ‘వెళ్ళాడు’, ‘వెళ్ళొచ్చాడు’ మధ్య ఉన్న తేడాయే అది.

చిన్న మాట. మనం అనంతగిరి వెళ్ళినా హిమాలయాలకు వెళ్ళినా ‘ట్రెక్’ అనే అంటాం. అమెరికాలో ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే నడకను హైక్ అంటారు. ట్రెక్ అంటే రోజుల తరబడి సాగే కష్టమైన నడక అనుకుంటారు. సామానంతా వీపున మోసుకుని, దారిలోనే రాత్రుళ్ళు పడుకుంటూ నడిస్తే అది అక్కడ బ్యాక్‌ప్యాకింగ్. తక్కువ ఖర్చుతో దేశాలు తిరగడం అనే అర్థంలో మనం వాడే బ్యాక్‌ప్యాకింగ్ వేరు.

రెండో మెట్టు: చోటు వెతకడం, బుక్ చేయడం

అమెరికాలో మొత్తం ఆవరణను క్యాంప్‌గ్రౌండ్ అంటారు. అందులో మీకు నంబరు వేసి ఇచ్చే ముక్క క్యాంప్‌సైట్. బ్రిటన్‌లో మొత్తం ఆవరణే క్యాంప్‌సైట్, మీ ముక్కకు పిచ్ అని పేరు. పిచ్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. అది తప్పేమీ కాదు, రెండూ ఒక్క మాటే. వికెట్లను నేలలో గుచ్చి నిలబెట్టడానికీ, డేరా మేకులు కొట్టి నిలబెట్టడానికీ ఇంగ్లీషులో ‘పిచ్’ అనే క్రియే వాడతారు.

బుక్ చేసేటప్పుడు మన నోట ‘రిజర్వ్ ఫర్ ఎ సైట్’ అని వచ్చేస్తుంది. రిజర్వ్ తర్వాత నేరుగా వస్తువు పేరు రావాలి, ‘ఫర్’ ఎన్ని రాత్రులు, ఎంతమందికి అన్నదాని దగ్గర రావాలి: ‘ఐ వుడ్ లైక్ టు రిజర్వ్ ఎ సైట్ ఫర్ టూ నైట్స్, ఫర్ సిక్స్ పీపుల్.’ తేదీ ముందుకు జరపాలంటే ‘ప్రీపోన్’ అనకండి. మన దేశంలో అది చక్కటి మాటే గానీ అమెరికా ఫోనులో అవతలివాళ్ళు ‘సారీ?’ అంటారు. ‘కెన్ ఐ మూవ్ మై రిజర్వేషన్ అప్ టు ఫ్రైడే?’ అంటే అర్థమవుతుంది. ఆఫీసులో ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ కూడా అంతే, ‘అవుట్ ఆఫ్ టౌన్’ అనండి.

కొన్ని చోట్ల ముందస్తు బుకింగ్ ఉండదు, ముందు వచ్చినవాళ్ళదే సైటు. బోర్డు మీద ‘ఫస్ట్ కమ్, ఫస్ట్ సర్వ్‌డ్’ అని ఉంటుంది. చివరి ‘డ్’ను మింగేయకండి. ముందు వచ్చినవాళ్ళకు ముందు వడ్డిస్తారు అని దాని అర్థం. ‘డ్’ తీసేస్తే ముందు వచ్చినవాళ్ళే గరిటె పట్టుకుని వడ్డించాలన్నట్టు ఉంటుంది.

హుకప్స్ అని ఇంకో మాట వస్తుంది. వ్యాను నిలిపిన చోట కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం కలుపుకునే సదుపాయం అది. ‘డజ్ ద సైట్ హ్యావ్ హుకప్స్?’ అని ధైర్యంగా అడగొచ్చు. దాన్నే క్రియగా మార్చి మనుషులకు తగిలించారో, అర్థం పూర్తిగా వేరే వీధిలోకి వెళ్ళిపోతుంది. ‘హుక్ అప్ విత్’ జోలికి మాత్రం పోవద్దు.

ఇలాంటి జంట మాటలకు రాతలో ఒక నియమం ఉంది. క్రియ అయితే విడదీసి రాయాలి, నామవాచకమైతే కలిపి రాయాలి. సెట్ అప్, క్లీన్ అప్, క్యాంప్ అవుట్ అని విడిగా రాస్తే పనులు. సెటప్, క్లీనప్, క్యాంపవుట్ అని కలిపితే ఆ పనుల పేర్లు. చెక్ అవుట్ కూడా ఇదే దారి, కాకపోతే పేరుగా రాసేటప్పుడు కొందరు మధ్యలో చిన్న గీత పెడతారు.

ఆవరణలూ నంబర్లూ లేని చోట డేరా వేసుకోవడాన్ని బ్రిటన్‌లో వైల్డ్ క్యాంపింగ్ అంటారు. ఈ మాట వెనక ఒక కోర్టు కథ ఉంది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బయలు ప్రాంతానికి 1985లో ఒక చట్టం చేశారు. ‘ఓపెన్ ఎయిర్ రిక్రియేషన్’ కోసం ప్రజలు ‘ఆన్ ఫుట్ అండ్ ఆన్ హార్స్‌బ్యాక్’ అక్కడికి వెళ్ళే హక్కు ఉందని అందులో రాశారు. మరి రాత్రి డేరా వేసుకుని పడుకోవచ్చా? కూడదని భూయజమానులు కోర్టుకెక్కారు. 2023 జనవరిలో హైకోర్టు వాళ్ళకు అనుకూలంగా చెప్పింది, జులైలో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక భూయజమానుల వాదన ఆ ‘ఆన్ ఫుట్ అండ్ ఆన్ హార్స్‌బ్యాక్’ మాటల మీద నిలిచింది. ‘కాలినడకన, గుర్రం మీద’ అన్నారు కాబట్టి నడకా స్వారీ తప్ప ఇంకే వినోదమూ ఆ హక్కు కిందికి రాదన్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ మాటలు లోపలికి ఎలా వెళ్ళాలో చెబుతున్నాయి తప్ప, వెళ్ళాక ఏం చేయాలో చెప్పడం లేదని తేల్చింది. అంటే ‘ఆన్ ఫుట్’ అనే విశేషణం వెళ్ళడానికి తగిలించినదా, వినోదానికి తగిలించినదా అన్నదే తగువు. స్కూల్లో మనకు విసుగు పుట్టించిన వ్యాకరణ ప్రశ్న అక్కడ ఒక దేశపు అత్యున్నత కోర్టులో నడిచింది.

మూడో మెట్టు: సామాను సర్దడం

ముందు లెక్కపెట్టకూడని మాటలు. గేర్, ఎక్విప్‌మెంట్, లగేజ్, ఫైర్‌వుడ్ – వీటికి చివర ‘స్’ రాదు, ముందు ‘ఎ’ రాదు. ‘ఎక్విప్‌మెంట్స్’ మన ఊళ్ళ బోర్డుల మీద బాగా అలవాటైన తప్పు. లెక్క చెప్పాలంటే ఏదో ఒక కొలత అందించాలి: ‘ఎ పీస్ ఆఫ్ గేర్’, ‘టూ బండిల్స్ ఆఫ్ ఫైర్‌వుడ్’, ‘ఎ బ్యాగ్ ఆఫ్ ఐస్’. మనమూ ‘రెండు కట్టెపుల్లలు’ కొనం కదా, ‘రెండు మోపులు’ కొంటాం.

వుడ్, వుడ్స్ వేరు. వుడ్ అంటే కలప. ‘ఇన్ ద వుడ్స్’ అంటే అడవిలో.

దుకాణంలో డేరా అడిగేటప్పుడు ఇంకో తప్పు దొర్లుతుంది. ‘నలుగురి డేరా’ అని మనసులో అనుకుని ‘ఫోర్ పర్సన్స్ టెంట్’ అంటాం. అంకె వచ్చి నామవాచకానికి ముందు విశేషణంగా కూర్చుంటే బహువచనం పోతుంది: ఎ ఫోర్ పర్సన్ టెంట్, ఎ త్రీ సీజన్ టెంట్, ఎ టూ డే ట్రిప్, ఎ ఫైవ్ మైల్ హైక్. రాసేటప్పుడు ఆ రెండు మాటల మధ్య చిన్న గీత పెట్టాలి. వెనక్కి వెళ్ళిందంటే బహువచనం మళ్ళీ వస్తుంది: ‘ద హైక్ ఈజ్ ఫైవ్ మైల్స్ లాంగ్.’

డేరా సంచి మీద ‘స్లీప్స్ ఫోర్’ అని ఉంటుంది. డేరా నిద్రపోవడమేమిటి అని కంగారు పడకండి. ‘నలుగురు పడతారు’ అని దాని అర్థం. ‘దిస్ టెంట్ స్లీప్స్ ఫోర్’ శుద్ధమైన ఇంగ్లీషు. (నా అనుభవంలో నలుగురు పడతారు గానీ నలుగురి దుప్పట్లు పట్టవు. ఆరుగురిది కొనుక్కోండి.)

స్లీపింగ్ బ్యాగ్ సంగతి ఇంకొంచెం తమాషా. ‘స్లీపింగ్ బేబీ’ అంటే నిద్రపోతున్న పాప. ‘స్లీపింగ్ బ్యాగ్’ అంటే నిద్రపోతున్న సంచి కాదు, నిద్రకు వాడే సంచి. రూపం ఒకటే, పని వేరు. తేడా చెవికి తెలుస్తుంది. సంచి విషయంలో బలమంతా ‘స్లీపింగ్’ మీద పడుతుంది, పాప విషయంలో ‘బేబీ’ కూడా గట్టిగానే పలుకుతుంది. హైకింగ్ బూట్స్, వాకింగ్ స్టిక్, డ్రింకింగ్ వాటర్, క్యాంపింగ్ స్టవ్ అన్నీ సంచి కుటుంబమే.

ఇక దేశం మారితే అర్థం మారే మాటలు. మనకు కూలర్ అంటే ఎండాకాలం కిటికీకి బిగించే డబ్బా. అమెరికాలో కూలర్ అంటే పెరుగూ పాలూ ఐసులో పెట్టుకెళ్ళే పెట్టె. మన టార్చిలైటు అక్కడ ఫ్లాష్‌లైట్. ఉత్త టార్చ్ అంటే కాగడా అనుకుంటారు. నుదుటికి కట్టుకునేది అమెరికాలో హెడ్‌ల్యాంప్, బ్రిటన్‌లో హెడ్ టార్చ్. కాట్ అంటే మనకు మామూలు మంచం, అమెరికాలో మడతమంచం, బ్రిటన్‌లో పసిపిల్లల పక్క. లాంతరు ఒక్కటే ఎక్కడా ఇబ్బంది పెట్టదు. ఆ మాట మనకు వచ్చిందే ‘లాంటర్న్’ నుంచి.

సర్దుకునేటప్పుడు తప్పక పనికొచ్చే ముడి ఒకటుంది. ఇది చాలామందికి జీవితాంతం తెగదు: ‘ఇఫ్’, ‘ఇన్ కేస్’. తెలుగులో అయితే ఎవరూ పొరబడరు.

‘వానొస్తే పట్టా కట్టు’ – ‘పుట్ అప్ ద టార్ప్ ఇఫ్ ఇట్ రెయిన్స్.’

‘వాన వస్తుందేమోనని పట్టా తెచ్చాను’ – ‘ఐ బ్రాట్ ఎ టార్ప్ ఇన్ కేస్ ఇట్ రెయిన్డ్.’

‘-స్తే’ అయితే ఇఫ్, ‘-ఏమోనని’ అయితే ఇన్ కేస్. మొదటిదానిలో వాన వచ్చాక పని, రెండోదానిలో వాన రాకముందే జాగ్రత్త. ఇంకొకటి, ఇఫ్ తర్వాత ‘విల్’ పెట్టకండి. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనరు. టార్ప్ అంటే టార్పాలినే, పొట్టి చేశారంతే. కృష్ణా, గుంటూరు వైపువాళ్ళు బరకం అనేది కూడా దాన్నే.

నాలుగో మెట్టు: డేరా వేయడం

చేరుకున్నాక చేసే మొదటి పని ‘సెట్ అప్ క్యాంప్’. ‘సెట్ అప్ ద క్యాంప్’ అనో ‘ఎ క్యాంప్’ అనో అనాల్సిన పని లేదు. స్కూలుకు, మంచం మీదికి వెళ్ళడాన్ని ‘గో టు స్కూల్’, ‘గో టు బెడ్’ అన్నట్టే, బస అనే భావంలో వాడినప్పుడు క్యాంప్ ముందు ఏమీ ఉండదు: మేక్ క్యాంప్, బ్రేక్ క్యాంప్, లీవ్ క్యాంప్, బ్యాక్ ఎట్ క్యాంప్. బ్రేక్ క్యాంప్ అంటే బస ఎత్తేయడం, ఏదీ విరగ్గొట్టడం కాదు. డేరా విషయానికొస్తే మాత్రం ‘ఎ’ గానీ ‘ద’ గానీ తప్పదు: సెట్ అప్ ద టెంట్, పిచ్ ఎ టెంట్.

ఇక్కడే జంట క్రియల్లో ‘ఇట్’ ఎక్కడ పెట్టాలన్న గొడవ వస్తుంది. వస్తువు పేరు చెబితే ఎటైనా పెట్టొచ్చు: ‘పుట్ అప్ ద టెంట్’, ‘పుట్ ద టెంట్ అప్’. పేరు బదులు ‘ఇట్’ వచ్చిందా, మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ అప్.’ ‘పుట్ అప్ ఇట్’ అనే మాటే లేదు. టేక్ ఇట్ డౌన్, రోల్ ఇట్ అప్, జిప్ ఇట్ అప్, ప్యాక్ ఇట్ అప్ అన్నీ ఇంతే. డేరా వేసే చోట ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరుచుకుంటారు కాబట్టి సాధనకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. పిల్లలకు చెప్పి చూడండి, రెండు ట్రిప్పుల్లో మిమ్మల్నే దిద్దుతారు.

మేకులను అమెరికాలో స్టేక్స్, బ్రిటన్‌లో పెగ్స్ అంటారు. డేరాను మేకులకు లాగి కట్టే తాడు గయ్ లైన్. మనుషుల్ని ‘గయ్స్’ అని పిలిచే మాటకూ దీనికీ చుట్టరికం లేదు. ఆ గయ్ 1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయి పట్టుబడిన గయ్ ఫాక్స్ పేరు నుంచి వచ్చాడు. తాడు వేరే ఇంటిది.

అయిదో మెట్టు: మంట

తప్పులు జరిగితే నిజంగా ప్రమాదం ఉన్న ఘట్టం ఇదే. ఇంగ్లీషులోనూ, అడవిలోనూ.

తెలుగులో చలిమంట ‘వేస్తాం’. అందుకని ‘పుట్ ఫైర్’ అంటాం. ఇంగ్లీషులో మంటను కట్టాలి, చేయాలి, లేదా వెలిగించాలి: బిల్డ్ ఎ ఫైర్, మేక్ ఎ ఫైర్, లైట్ ఎ ఫైర్, స్టార్ట్ ఎ ఫైర్. నాలుగింటిలోనూ ‘ఎ’ ఉంది చూడండి. నిప్పు అనే పదార్థం లెక్కకు రాదు గానీ, మనం వేసుకున్న ఒక మంట లెక్కకు వస్తుంది.

‘సెట్ ఫైర్ టు’ మాత్రం పూర్తిగా వేరు. అది తగలబెట్టడం. ‘వుయ్ సెట్ అప్ క్యాంప్’ అంటే బస వేశాం. ‘వుయ్ సెట్ ఫైర్ టు ద క్యాంప్’ అంటే బసకు నిప్పు పెట్టాం. రేంజర్ ముందు ఈ రెండూ తారుమారైతే ఆ సాయంత్రం వేరేలా గడుస్తుంది. దానంతటదే అంటుకుంటే ‘క్యాచ్ ఫైర్’: ‘ద టార్ప్ కాట్ ఫైర్.’

ఆర్పడం, ఆరిపోవడం మనకు రెండు వేర్వేరు క్రియలు. ఒకటి మనం చేస్తాం, ఇంకొకటి దానంతటదే జరుగుతుంది. ఇంగ్లీషులో సరిగ్గా ఇదే తేడా ‘పుట్ అవుట్’, ‘గో అవుట్’ మధ్య ఉంది. ‘వుయ్ పుట్ అవుట్ ద ఫైర్’ అంటే ఆర్పాం. ‘ద ఫైర్ వెంట్ అవుట్’ అంటే ఆరిపోయింది. ‘ద ఫైర్ పుట్ అవుట్’ అని చెబితే అర్థం కాదు. మంట తగ్గుముఖం పడితే ‘డై డౌన్’. ఇల్లో డేరానో పూర్తిగా కాలి కూలితే ‘బర్న్ డౌన్’.

కట్టెల దగ్గర కూడా కొన్ని మాటలు. అంటించడానికి వాడే ఎండు గడ్డి, కాగితం లాంటివి టిండర్. ఆ పైన పేర్చే చితుకులు కిండ్లింగ్. రెండూ లెక్కకు రావు, ‘కిండ్లింగ్స్’ అనకండి. ఇంటి దగ్గర్నుంచి కట్టెలు కారులో వేసుకెళ్ళడాన్ని అమెరికాలో చాలాచోట్ల ఒప్పుకోరు, చెట్లను తినేసే పురుగులు వాటిలో దాక్కుని కొత్త చోటికి చేరతాయని. దాని మీద ఒక నినాదం ఉంది: ‘బయ్ ఇట్ వేర్ యూ బర్న్ ఇట్.’ ఎక్కడ కాల్చేవి అక్కడే కొను అని. ఫైర్‌వుడ్ లెక్కకు రాదు కాబట్టి ‘దెమ్’ బదులు ‘ఇట్’ వచ్చింది, రెండుసార్లూ.

కుండ నిప్పుల మీద ఉంటే ‘ఆన్ ద ఫైర్’. పుల్లకు గుచ్చి పైన పట్టుకుంటే ‘ఓవర్ ద ఫైర్’. చుట్టూ కూర్చుంటే ‘అరౌండ్ ద ఫైర్’. ‘ఇన్ ద ఫైర్’ అన్నారంటే అది మంటలో పడిపోయిందని. మొక్కజొన్న కంకులు కాల్చుకోవాలన్నా దూదిలాంటి మిఠాయిలైన మార్ష్‌మాలోలు కాల్చుకోవాలన్నా ‘రోస్ట్ ఓవర్ ద ఫైర్’. బిస్కెట్ల మధ్య మార్ష్‌మాలో, చాక్లెట్ పెట్టి తినేదాన్ని స్మోర్స్ అంటారు, ‘సమ్ మోర్’ను నమిలేస్తే వచ్చిన మాట. శాకాహారులు ఒక ప్రశ్న నేర్చుకుని వెళ్ళాలి: ‘డజ్ దిస్ హ్యావ్ జెలటిన్ ఇన్ ఇట్?’ మామూలు మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది.

అమెరికా అడవుల్లో టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తుంది. పేరు స్మోకీ బేర్, 1944 నుంచి అడవి మంటల మీద ప్రచారం దాని ఉద్యోగం. 1947లో వచ్చిన దాని నినాదం: ‘ఓన్లీ యూ కెన్ ప్రివెంట్ ఫారెస్ట్ ఫైర్స్.’ 2001లో చివరి రెండు మాటలు తీసి ‘వైల్డ్‌ఫైర్స్’ పెట్టారు గానీ ‘ఓన్లీ’ ఉన్న చోటే ఉంది. ‘ఓన్లీ యూ కెన్’ అంటే మీరు మాత్రమే ఆపగలరు. అదే మాటను ఒక్క అడుగు జరిపి ‘యూ కెన్ ఓన్లీ ప్రివెంట్’ అన్నారంటే, మీరు నివారించడం మాత్రమే చేయగలరు, ఇంకేమీ మీ చేతిలో లేదు అని అర్థమవుతుంది. మనం ‘ఓన్లీ’ని వాక్యం చివర తోకలా తగిలిస్తుంటాం, ‘ఐ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ’ అని. తెలుగు ‘నిన్ననే వచ్చాను’లోని ‘-నే’ అది. ఇంగ్లీషులో ‘ఐ ఓన్లీ కేమ్ యెస్టర్‌డే’.

మంట ఆర్పడం గురించి ఆ ఎలుగుబంటే ఇంకో వాక్యం చెబుతుంది: ‘ఇఫ్ ఇట్స్ టూ హాట్ టు టచ్, ఇట్స్ టూ హాట్ టు లీవ్.’ ముట్టుకోలేనంత వేడిగా ఉంటే, వదిలి వెళ్ళకూడనంత వేడిగా ఉన్నట్టే. ‘టూ... టు’ జంటకు తెలుగు ‘-లేనంత’ చక్కగా సరిపోతుంది. ‘వెరీ హాట్ టు టచ్’ అంటే ఆ ‘-లేనంత’ రాదు, బాగా వేడిగా ఉందని మాత్రమే తెలుస్తుంది.

ఆరో మెట్టు: రాత్రి

‘వుయ్ స్లెప్ట్ ఇన్ ద టెంట్’ అంటే డేరాలో పడుకున్నాం. వాక్యాన్ని ‘వుయ్ స్లెప్ట్ ఇన్’ దగ్గర ఆపేస్తే పొద్దెక్కే దాకా పడుకున్నాం అని అర్థం. పక్షులూ పక్క సైటువాళ్ళ పిల్లలూ ఉండగా అది ఎంతవరకు సాధ్యమో వేరే సంగతి.

లై, లే చాలా పేరున్న చిక్కు. పక్క ‘పరవడం’ లే, దాని మీద ‘పడుకోవడం’ లై. ‘లే అవుట్ ద స్లీపింగ్ బ్యాగ్, దెన్ లై డౌన్.’ గొడవంతా భూతకాలంలో ఉంది, ఎందుకంటే లై భూతకాలం మళ్ళీ ‘లే’. ‘లాస్ట్ నైట్ ఐ లే అవేక్’ అంటే నిద్ర పట్టక అలా పడి ఉన్నాను. పరిచాను అనాలంటే ‘లెయిడ్’. టెన్షన్ పడకండి, ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళే రోజూ తప్పు చేస్తారు.

‘యూజ్డ్ టు’ రెండు పనులు చేస్తుంది. ‘వుయ్ యూజ్డ్ టు క్యాంప్ ఎవ్రీ సమ్మర్’ అంటే వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు వెళ్ళడం లేదు. ‘ఐ యామ్ యూజ్డ్ టు స్లీపింగ్ ఆన్ ద గ్రౌండ్’ అంటే నాకు నేల మీద పడుకోవడం అలవాటే. ముందు ‘యామ్’ ఉంటే వెనక ‘ఇంగ్’ ఉండాలి. పరుపుల్లేని ఇళ్ళలో చాపల మీద పెరిగినవాళ్ళు ఈ రెండో వాక్యాన్ని గర్వంగా వాడుకోవచ్చు.

బోర్డుల మీద వ్యాకరణం వెతకొద్దు, అక్కడ చిన్న మాటలన్నీ ఎగిరిపోతాయి. ‘క్వయెట్ అవర్స్ 10 టు 6’ అంటే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పాటలు కట్టేయాలి. ‘నాన్ పోటబుల్ వాటర్’ అంటే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. దీని గురించి మాత్రం ‘నాన్’ చూసుకోకుండా బాటిల్ నింపుకోకండి.

చివరి మెట్టు: సోమవారం ఆఫీసులో

డేరా విప్పడం, చెత్త ఏరుకోవడం, తాళం వేసి కారెక్కడం – వీటికి కొత్త వ్యాకరణమేమీ లేదు, అన్నీ పైన వచ్చినవే. అసలు పరీక్ష సోమవారం పొద్దున కాఫీ దగ్గర ఉంటుంది. ‘హౌ వాజ్ యువర్ క్యాంపింగ్ ట్రిప్?’

‘ఇట్ వాజ్ ఫన్నీ’ అనకండి. ఫన్ అంటే సరదా, ఫన్నీ అంటే నవ్వొచ్చేది, కొన్నిసార్లు ఏదో తేడాగా ఉన్నది. ‘ఇట్ వాజ్ ఫన్’, ‘వుయ్ హ్యాడ్ ఫన్’ సరిపోతాయి. ‘ఇట్ వాజ్ ఎ ఫన్’ కూడా కుదరదు, ఫన్ లెక్కకు రాదు. తడిసి ముద్దయి వచ్చారా, ‘ఐ వాజ్ నాట్ ఎ హ్యాపీ క్యాంపర్’ అనండి. చిరాగ్గా ఉన్నానని చెప్పే నానుడి అది, డేరాతో పనిలేని చోట కూడా చెల్లుతుంది.

ఇంకా ముఖ్యమైనది ‘ఎంజాయ్’. తెలుగులో ‘బాగా ఎంజాయ్ చేశాం’ అంటే వాక్యం పూర్తయినట్టే. ఇంగ్లీషులో ఎంజాయ్ అన్నాక దేన్ని అన్నది చెప్పి తీరాలి: ‘వుయ్ ఎంజాయ్డ్ ఇట్’, ‘వుయ్ ఎంజాయ్డ్ ద హైక్’, ‘వుయ్ ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’. మా బావగారు అమెరికా వచ్చిన కొత్తలో ఒక సోమవారం మేనేజరుతో ‘వుయ్ ఎంజాయ్డ్ ఎ లాట్’ అన్నారట. ఆవిడ కప్పు చేతిలో పట్టుకుని, తల కొంచెం ముందుకు వంచి, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఈయనా నవ్వుతూ నిలబడ్డారు. కాసేపయ్యాక ఆవిడే అడిగిందట, ‘...ద లేక్?’ అని.